ఉదయశంకరుని దృశ్యకల్పన: ఛాయ, చలనచిత్రము, రంగము

ఉదయశంకరుని (1900–1977) పేరు వినినంతనే నర్తకుడను మాటయే మనకు తోచును. అది సత్యమే కాని సమగ్రసత్యము కాదు. అతడు మొదట చిత్రకారుడు. నాట్యమునకు వచ్చిన పిమ్మట వేషమును, తెరను, దీపమును, పాటను, తుదకు చలనచిత్రమును నాట్యమునకు అంగములుగా చేర్చుకొనెను. ఏడుపదుల వయస్సున కలకత్తాలో అతడు చేసిన తుది ప్రయోగమునందు తెరమీది బొమ్మయు రంగముమీది మనుష్యుడును ఒకే దృశ్యమున పాల్గొనిరి. పాటకు దృశ్యమును కూర్చువానిని నేడు మ్యూజిక్ వీడియో దర్శకుడనియు, ఒక స్థలమును వస్తువులతో, వెలుగుతో, ధ్వనితో నింపి ప్రేక్షకుని అందు నిలుపువానిని ఇన్‌స్టలేషన్ కళాకారుడనియు పిలుచుచున్నారు. శంకరుడు పని ప్రారంభించునాటికి ఈ రెండు పేరులును పుట్టలేదు. పనులు మాత్రము అతడు చేసెను. ఎట్లు చేసెనో పరిశీలించుటయు, అట్టి పనులకు తెలుగున ఏ మాటలు తగునో కొంత విచారించుటయు ఈ వ్యాసమున ఉద్దేశింపబడినవి.

శంకరుడు 1900 డిసెంబరు 8వ తేదీన ఉదయపూరులో జన్మించెను. ఊరి పేరే అతని పేరైనది. వంశము తూర్పు బెంగాలునందలి జెస్సూరు ప్రాంతమునకు చెందినది. తండ్రి శ్యామశంకర చౌధురి ఝాలావాడు సంస్థానమున ఉద్యోగి. బాల్యమున కొంతకాలము తల్లితోకూడ గాజీపూరు దగ్గఱి నస్రత్‌పూరు గ్రామమున ఉండెను. ఆ పల్లెలో మాతాదీన్ అను చర్మకారుని ఆట చూచుటయే అతనికి నాట్యమునందు మొదటి పాఠమని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. ఈ చిన్న విషయమును పాఠకులు మనస్సున ఉంచుకొనవలెను. మఱల దీనితో పని పడును. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రలేఖనము నేర్చిన పిమ్మట 1920లో లండనుకు పోయి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో విలియం రోథెన్‌స్టెయిన్ కడ శిష్యుడయ్యెను. అన్నా పావ్లోవా అను రష్యను నర్తకి హిందూ ఇతివృత్తములతో రెండు నృత్యములు కూర్పదలచి ఈ యువచిత్రకారుని తోడ్పాటు కోరినది. 1923లో కోవెంట్ గార్డెన్ రంగమున ఆమె రాధగా, అతడు కృష్ణుడుగా నర్తించిరి. అంతటితో కుంచె వెనుకబడినది.

కుంచె వెనుకబడినదే కాని చిత్రకారుని కన్ను వెనుకబడలేదు. శంకరుడు ఆనాటికి ఏ గురువు కడను శాస్త్రీయ నృత్యము అభ్యసించినవాడు కాడు. దేవాలయ శిల్పములందును చిత్తరువులందును చూచిన భంగిమలను ఒకదాని వెంట ఒకటి పేర్చి, వాని నడుమ ఖాళీలను చలనముతో పూరించెను. అనగా నర్తకులు చలనమునుండి భంగిమకు పోవుచుండగా ఇతడు భంగిమనుండి చలనమునకు వచ్చినాడు. ఇది లోపమని కొందఱు, ప్రతిభ యని కొందఱు. నా మట్టుకు నాకు ఇది అతని కడపటి ప్రయోగముల వఱకును నడచిన సూత్రముగా కనబడుచున్నది: అతడు నృత్యమును ఎల్లప్పుడును ఒక చట్రము లోపలి బొమ్మగానే చూచెను. స్విట్జర్లాండు శిల్పిని ఏలిస్ బోనర్ అతనితోకూడ భారతదేశమునకు వచ్చి, పర్యటించి, సంగీతవాద్యములు సేకరించి, బృందస్థాపనకు సాయపడినది. 1931 మార్చిలో ప్యారిస్‌లో ఆ బృందపు తొలి ప్రదర్శన జరిగెను. తమ్ముడు రవిశంకరుడు అప్పటికి పదియేండ్ల బాలుడు. బృందముతో అతడును ఉండెను. బోనర్ పిమ్మట కాశిలో స్థిరపడి మన శిల్పముల కూర్పునందలి రేఖాగణితమును గూర్చి గ్రంథము వ్రాసినది. భంగిమను శిల్పమునుండి తెచ్చుకొనిన నర్తకునికి శిల్పిని తోడగుట కేవలము యాదృచ్ఛికము కాదనుకొందును.

1930ల చివర అల్మోడా చెంత సిమ్తోలాలో శంకరుడు సంస్కృతి కేంద్రమును నెలకొల్పెను. కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యమునకు కందప్ప పిళ్ళె, మణిపురికి అముబి సింగు, సంగీతమునకు అల్లాఉద్దీన్ ఖాను ఆచార్యులు. గురుదత్తు అచ్చట విద్యార్థి. జొహ్రా సెహగల్ అచ్చటనే నేర్పినది. యుద్ధకాలమున ధనము చాలక కేంద్రము మూతబడెను. దాని చరిత్ర పెక్కురు వ్రాసినదే కనుక ఇచట విస్తరింపను. మన ప్రస్తుతమునకు కావలసినది అచ్చట 1940ల తొలినాళ్లలో ఆరుబయట ప్రదర్శింపబడిన రామలీల. అది ఛాయానాటకము. పెద్ద తెల్లని తెర వెనుక దీపము, దీపమునకును తెరకును నడుమ సజీవులైన నటులు. తెరకు ఈవల ప్రేక్షకులు.

ఈ ప్రక్రియ తెలుగువారికి వింత కాదు. మన తోలుబొమ్మలాటలో చేయునది ఇదియే. అయితే భేదమున్నది. మన బొమ్మ పలుచగా గీకిన తోలు. వెలుగు దానిలోనుండి చొచ్చుకొని వచ్చును. కావున తెరమీద కనబడునది కేవలము నీడ కాదు, రంగుల బొమ్మ. అనంతపురపు సీమలో నిమ్మలకుంట కళాకారులు నేటికిని చేయుచున్న బొమ్మలను చూచినవారు దీనిని ఎఱుగుదురు. బొమ్మను తెరకు అంటించి పట్టిన రంగు తేటపడును. వెనుకకు లాగిన పెద్దదై మసకబాఱును. మనుష్యుని దేహము తోలువలె వెలుగును చొరనీయదు. కనుక శంకరుని నటులకు నల్లని రూపరేఖయే మిగులును. ముఖము లేదు, కన్ను లేదు, చూపు లేదు. సాత్త్వికమునకు చోటులేని ఈ స్థితిలో అభినయమంతయు అంచులోనికి వచ్చి చేరును: కిరీటపు కొన, ముక్కు వంపు, వ్రేళ్ళ సందు. ఏ దిక్కునకు తిరిగి నిలిచిన చేయి తెలియును, ఏ దిక్కునకు తిరిగిన మొండెములో కలిసిపోవును అను లెక్క చిత్రకారునికే తెలియదగినది.

ఇందులో ఇంకొక లెక్కయు కలదు. దీపము తెరకు ఇరువది అడుగుల వెనుక నున్నదనుకొందము. ఆఱడుగుల నటుడు తెరను ఆనుకొని నిలిచిన అతని నీడ ఆఱడుగులే. దీపమునకు ఐదడుగుల దూరమునకు జరిగెనా, నీడ నాలుగింతలై ఇరువదినాలుగు అడుగులగును. కనుక రాముడు రాముడంతయే యుండగా కుంభకర్ణుడు లేచుచు లేచుచు తెరనంతటిని నింపవలెనన్న యంత్రము అక్కఱలేదు. నటుడు నాలుగడుగులు వెనుకకు వేసిన చాలును. రెండు రంగుల దీపములు వేఱువేఱు చోట్ల పెట్టినచో ఎఱ్ఱదీపము నీడలో ఆకుపచ్చ, ఆకుపచ్చదీపము నీడలో ఎఱుపు నిండి, ఒక్క దేహమునకే రెండు రంగుల నీడలు పడును. తోలుబొమ్మకు రంగు దేహములో నున్నది; ఇచట రంగు దీపములో నున్నది. 1950లలో శంకరుడు బుద్ధుని జీవితమును రంగుల ఛాయానాట్యముగా కూర్చెను.

ఇక పాటకు దృశ్యమును కూర్చుట. పాట ముందుగా ముద్రించి, దానిని వినిపించుచు నటులచే పెదవులాడించి చిత్రించు పద్ధతి మన దేశమున 1935లో కలకత్తాలోని న్యూ థియేటర్సువారి 'భాగ్యచక్ర' యందు మొదలైనదని చెప్పుదురు. దర్శకుడు నితిన్ బోసు, సంగీతము రాయ్‌చంద్ బొరాల్. అంతకు పూర్వము నటుడు పాడుచునే నటింపవలెను. మైక్రోఫోను ఎచట నున్న అచటనే నిలువవలెను. పాట ముందు ముద్రితమైన క్షణమున కాలము పాటవశమైనది, దేహమునకు స్వేచ్ఛ వచ్చినది. నేటి దృశ్యగీతమున కంతకును ఇదియే పునాది. తెలుగువారికి ఆ నగరముతో సంబంధము అంతకు రెండేండ్ల ముందే ఏర్పడినది: చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమున ఈస్టిండియా ఫిల్ము కంపెనీవారు 'సతీ సావిత్రి'ని (1933), 'లవకుశ'ను (1934) కలకత్తాలోనే తీసిరి. మనవారు చిత్రము తీయుటకు కలకత్తాకు పోయిరి. మఱి బెంగాలీయుడైన శంకరుడు తన ఏకైక చిత్రము తీయుటకు మద్రాసునకు వచ్చెను.

ఆ చిత్రము 'కల్పన'. జెమినీ స్టూడియోలో తీయబడి 1948లో విడుదలయ్యెను. ఛాయాగ్రాహకుడు కె. రామనాథుడు, వాహినీవారి తొలిచిత్రమైన 'వందేమాతరము'నకు (1939) ఛాయాగ్రహణము చేసిన ఆయనను తెలుగు ప్రేక్షకులు అంతకుముందే ఎఱుగుదురు. సంగీతము విష్ణుదాసు శిరాలీ. హిందీ కవి సుమిత్రానందన పంతు పాటలు వ్రాసెను. శంకరుడు ఉదయనుడుగా, భార్య అమలాదేవి ఉమగా నటించిరి. పద్మినికి ఇదియే తొలిచిత్రము. అదే స్టూడియోలో ఆ కాలముననే వాసన్‌గారి 'చంద్రలేఖ' తయారగుచుండెను. అందలి భేరీనృత్యమును చూచువారు 'కల్పన'ను తలచుకొనక మానరు.

'కల్పన'లో కథ స్వల్పము. ఒక రచయిత ఒక నిర్మాత కడకు పోయి తన కథ వినిపించును. వినిపించినదంతయు చిత్రముగా నడచును. తుదకు నిర్మాత ఆ కథ తనకు లాభసాటి కాదని త్రోసిపుచ్చును. ఈ చట్రము లోపల ఎనుబదికి పైగా నృత్యఖండములు కలవు. నృత్యములు కథను నడపుటకు వచ్చినవి కావు. కథయే నృత్యములను మోయుటకు వచ్చినది. ఇదే చిత్రమునకు దోషమని ఆనాడు అనిపించియుండవచ్చును. చిత్రము ధనము తేలేదు. కాని పాటకొక లోకమును నిర్మించి, పాట ముగియగానే ఆ లోకమును విడిచివేయు నేటి ప్రక్రియకు అలవాటుపడిన కన్నులతో చూచినచో, ఆ ఎనుబది ఖండములు ఎనుబది దృశ్యగీతములుగా తోచును. శ్రామికులును యంత్రములును ఉన్న ఖండము దీనికి మేలైన ఉదాహరణము. అందు మనుష్యులు యంత్రమును నడపుదురు. చూచుచుండగనే యంత్రపు లయ వారి దేహములకు పట్టుకొనును. కడపట ఎవరు యంత్రమో ఎవరు మనుష్యుడో విడదీయరాకుండును. ఈ భావమును మాటలలో చెప్పిన నీతివాక్యమగును. లయలో చెప్పిన భయము పుట్టును. సత్యజిత్ రాయి యౌవనమున ఈ చిత్రమును పలుమాఱులు చూచెనని ప్రసిద్ధి.

ఇచట ఒక ఆక్షేపమును విచారింపవలెను. ఉదయశంకరునిది ఏ సంప్రదాయమును కాదు, నాలుగు సంప్రదాయములనుండి ఏఱుకొనిన కలగూరగంప యని నాట్యవిమర్శకులు తఱచు అందురు. ఆంధ్రదేశమున లక్షణగ్రంథములు చదివినవారు ఇంత త్వరపడి తీర్పు చెప్పరాదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్ది నడుమ రచించిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయముల గ్రంథము. మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి. సగము గ్రంథమును దేశికి ఇచ్చిన లాక్షణికుడు దేశిని పతితమైన మార్గముగా చూచినవాడు కాడు. దానికి ప్రత్యేకముగ అంగములు, నియమములు, పేరులు చూపినాడు. నస్రత్‌పూరు చర్మకారుని అడుగు శంకరుని నృత్యములోనికి వచ్చినచో అది శాస్త్రభ్రంశమని ఏల అనవలెను? శంకరుని సృష్టి దేశియే యని నేను సాధింపబూనుట లేదు. జాయపుని దేశికి జనసమ్మతియే ప్రాణము. శంకరుని నృత్యము ఒక వ్యక్తి కల్పన. ఈ భేదము పెద్దది. సంప్రదాయములో లేదు కనుక విలువలేదు అను తర్కము మాత్రము మన శాస్త్రమునుండి వచ్చినది కాదని చెప్పుటయే నా తాత్పర్యము.

1960 ప్రాంతమునుండి శంకరుని జీవితము కలకత్తాతో పెనవేసికొనినది. 1961లో రవీంద్ర శతజయంతికి ఠాగూరు కవితనుండి 'సామాన్య క్షతి'ని నాట్యముగా కూర్చెను. చలి కాచుకొనుటకు పేదల గుడిసెలు కాల్పించిన రాణి కథ అది, సంగీతము రవిశంకరునిది. 1965లో ఆ నగరమున నాట్యకేంద్రము వెలసినది. 1970లో 'శంకర్‌స్కోప్' వచ్చెను.

శంకర్‌స్కోప్ అనగా చలనచిత్రమును సజీవనాట్యమును ఒకే రంగమున జోడించుట. తెరమీద ఒక పాత్ర నడచి వచ్చును. తెర అంచు చేరగానే ఆ పాత్రయే రక్తమాంసములతో రంగముమీదికి అడుగుపెట్టును. మఱల తెరలోనికి పోయి బొమ్మయగును. యూరపులో ప్రాగు నగరపువారు 'లాటెర్నా మేజికా' అను పేర ఇట్టి ప్రదర్శనను 1958 బ్రస్సెల్సు ప్రపంచ ప్రదర్శనమున చూపియున్నారు. కనుక ఊహ సర్వథా నూతనము కాదు. వృద్ధుడైన నర్తకుడు పట్టిన వింతయని దీనిని తీసివేయుటయు సులభమే. అతని పూర్వజీవితముతో కలిపి చూచినచో మాత్రము వేఱుగా కనబడును. అల్మోడాలో అతడు దేహమును తెరవెనుక పెట్టి బొమ్మను చేసెను. మద్రాసులో దేహమును కెమెరా ముందు పెట్టి బొమ్మను చేసెను. కలకత్తాలో ఆ బొమ్మనుండి దేహమును వెలికి తెచ్చెను. ముప్పది ఏండ్లు ఒకే ప్రశ్నను మూడు దిక్కులనుండి అడిగినవాని పని యిది.

ఇందలి కష్టము చూచువారికి తెలియదు. రంగముమీద నట్టువాంగము చేయువాడు నర్తకి శ్వాసను బట్టి తాళమును ఒక వెండ్రుకవాసి సాగదీయగలడు. చలనచిత్రమునకు ఆ దయ లేదు. ఒకమాఱు ముద్రితమైన అడుగు ఆ క్షణముననే పడును. సజీవనర్తకుడు ఆ అడుగునకు తన అడుగు కలుపవలెను. ఒక్క మాత్ర తప్పినను తెరమీద మనుష్యుడు మాయమైన పిమ్మట కొంతసేపు రంగము ఖాళీగా ఉండును, లేక ఒకే పాత్ర ఇద్దఱుగా కనబడును. వెలుతురుతోను చిక్కే: తెరమీది బొమ్మకు చీకటి కావలెను, నర్తకునికి వెలుగు కావలెను, నర్తకునిపై వేసిన వెలుగు తెరమీద పడినచో బొమ్మ వెలవెలబోవును. అల్మోడాలో నేర్చిన దీపవిద్య ఇచట అక్కఱకు వచ్చియుండును.

భరతుని ఆహార్యాభినయ ప్రకరణమున ఈ పనికి పేరు దొరకునా యని చూచితిని. ఆహార్యము నాలుగు విధములు: పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము. అందు పుస్తము రంగముమీద నిలుపు కృత్రిమరూపము. కొండ, రథము, విమానము మొదలగునవి. అది సంధిమము, వ్యాజిమము, వేష్టిమము అని మూడు తెఱగులు. చాప, చర్మము, వస్త్రము మొదలగువానితో కూర్చినది సంధిమము, యంత్రముతో చేయబడినది వ్యాజిమము, చుట్టిచేసినది వేష్టిమము. ఈ మూడవదానికి చేష్టిమమని పాఠాంతరము కలదు. అప్పుడు అర్థము చలనమువైపు మొగ్గును. ఇక సజీవమనగా ప్రాణుల ప్రవేశము. ఈ విభాగమును బట్టి చూచిన శంకర్‌స్కోప్ తెర వ్యాజిమపుస్తము. దానినుండి వెలికి వచ్చు నర్తకుడు సజీవము. శాస్త్రకారుడు వేఱుగా ఉంచిన రెండు గదుల నడిమి గోడయందు శంకరుడు తలుపు పెట్టినాడని చెప్పవచ్చును. సినిమాను భరతుడు ముందే చెప్పినాడని ఎవరైన దీనినుండి తీసినచో అది నా పూచీ కాదు. అట్టి వ్యాసములు మనకు ఇప్పటికే చాలినన్ని ఉన్నవి.

ఇన్‌స్టలేషన్ అను మాటకు పత్రికలలో 'ప్రతిష్ఠాపన కళ' అని వాడుచున్నారు. మొదట ఈ మాట నాకు నచ్చలేదు. ప్రతిష్ఠయనగా మనకు ధ్రువబేరము, శిలావిగ్రహము, కదలింపరానిది. ఈ కళ కొన్ని దినములుండి తొలగింపబడునది. కనుక మాట వస్తువునకు విరుద్ధమనుకొంటిని. కలకత్తాలో దుర్గాపూజ చూచిన పిమ్మట ఆ అభిప్రాయము నిలువలేదు. వెదురు, గడ్డి, గంగమట్టితో చేసిన విగ్రహమునకు ప్రాణప్రతిష్ఠ జరుగును. విజయదశమినాడు అది నీటిలో కలియును. ఆ విగ్రహము చుట్టును పందిరి, దీపము, ధ్వని కలిపి ఒక ఊహను నిర్మించి జనులను అందులోనుండి నడిపించు పందిళ్ళు ఆ నగరమున నేడు వీధివీధిన కలవు. 2021లో యునెస్కో ఆ ఉత్సవమును మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఇంతదూరము పోనేల? మన యింటి వినాయకచవితికి మట్టిబొమ్మను ప్రతిష్ఠించి, ఉద్వాసన చెప్పి, చెఱువున కలుపుదుము. ఉద్వాసన గల ప్రతిష్ఠ మనకు ఏటేటి అనుభవమే. కావున ఆ మాటను త్రోసివేయ నక్కఱలేదు. అయితే రంగముతో ముడివడిన నిర్మాణమునకు 'పుస్తము' అను ప్రాచీనసంజ్ఞయే మేలనుకొందును. గ్రంథవాచకమైన 'పుస్తకము'తో కలతపడునను భయము వాడుకలో తీఱును. మ్యూజిక్ వీడియోకు 'దృశ్యగీతము' తేలికగా నప్పుచున్నది.

శంకరునికి 1971లో పద్మవిభూషణ బిరుదమును, 1975లో విశ్వభారతి దేశికోత్తమ గౌరవమును లభించినవి. 1977 సెప్టెంబరు 26న కలకత్తాలో మరణించెను. 'కల్పన'ను వరల్డ్ సినిమా ఫౌండేషనువారు బొలోనాలో పునరుద్ధరించి 2012లో కాన్ చిత్రోత్సవమున చూపిరి. తొంబదిమూడవ యేట నడచుచున్న అమలాదేవి ఆ ప్రదర్శనకు హాజరయ్యెను. ఆమె 2020 జూలైలో కలకత్తాలో మరణించినది. శంకర్‌స్కోప్ విషయము ఇట్టిది కాదు. చలనచిత్రమును బాగుచేయు శాలలో దానిలో సగమును మాత్రమే బాగుచేయవచ్చును. తెరలోని నర్తకుడు 1970 నాటి యెత్తుతో, నాటి వస్త్రముతో అంచు వఱకు వచ్చి ఆగును. ఈవలకు అడుగుపెట్టవలసిన దేహము ఇప్పుడు లేదు. క్రొత్తవాడు ఎవడైన ఆ అడుగు అందుకొనవలెనన్న అది ఏ మాత్రలో, రంగమున ఏ చోట, ఏ దీపము క్రింద పడినదో తెలియవలెను. అది ఆనాడు రంగముమీద నిలిచినవారి జ్ఞాపకమునను, చీకటిలో కూర్చుండి చూచినవారి జ్ఞాపకమునను ఉన్నది. నాడు ఇరువదియేండ్లవారైన వారు ఇప్పుడు డెబ్బదియైదు దాటినవారు. కలకత్తాలోను, ఆ నగరమునకు పోయివచ్చిన మన ఆంధ్రులలోను ఆ ప్రదర్శనమును కన్నులార చూచినవారు ఉన్నచో, తెర ఎట్లు చీలియుండెను, నర్తకుడు ఏ వైపున వెలువడెను, పాట ఆ క్షణమున ఏ చరణమున నుండెను అను మూడు సంగతులను తమ భాషలో వ్రాసి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఉంచుదురుగాక యని కోరుచున్నాను.